మా మిరప నారు నిలబెట్టిన పెద్దాయనకు కృతజ్ఞతలు

నిన్న పొద్దుగూకే వేళకు చేలో చివరి మొక్క నాటాం. నడుము వంగడం లేదు, గోళ్లలో మన్ను ఇంకా పోలేదు. అయినా ఈ నాలుగు మాటలు రాయనిదే నిద్ర పట్టేలా లేదు.

మాది వరంగల్ దగ్గర పల్లె. తరాలుగా చపాటా మిరప వేస్తున్నాం. లావుపాటి ఎర్రని కాయ, కారం తక్కువ, పచ్చడికి, రంగుకు పెట్టింది పేరు. 2021-22లో నల్ల తామర పురుగు పూత మీద పడ్డప్పుడు మాకు విత్తనానికి కూడా కాయ మిగల్లేదు. అప్పటి నుంచి కొట్లో కొన్న విత్తన పొట్లాలే గతి. ఈసారి కొన్నది సగం కూడా మొలవలేదు. కొట్టువాళ్లను అడిగితే మీ మట్టే మంచిది కాదన్నారు. వ్యవసాయ కార్యాలయానికి వెళితే, బిల్లు మీద లాట్ నంబరు (ఆ విత్తనం ఏ విడతదో తెలిపే అంకె) లేదు కనుక ఫిర్యాదు చెల్లదన్నారు. నంబరు వేయవలసింది అమ్మినవాళ్లు, తిరగవలసింది మేమా? 2025లో చపాటాకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, ఇది ఈ ప్రాంతపు పంటేనన్న ముద్ర) వచ్చిందని ఎంత సంబరపడ్డామో! ఆ పేరు నిలబడాలంటే ముందు మంచి విత్తనం దొరకాలి కదా.

ఆ కార్యాలయం మెట్ల మీదే కూర్చుని ఏడ్చేశాను. "ఏమైంది బిడ్డా?" అని అడిగారు, ఏదో పని మీద వచ్చిన ఒక పెద్దాయన. విని, మరో మాట లేకుండా వాళ్ల ఇంటికి తీసుకెళ్లారు. బూడిద కలిపి దాచిన విత్తనాన్ని కుండలోంచి చేటలో పోసి చెరిగారు. తాలు ఎగిరిపోయింది. నల్లబడ్డ గింజలు ఒక్కొక్కటే ఏరేశారు. మిగిలింది రెండు కుప్పలు చేసి, పెద్ద కుప్ప నా కొంగులో పోశారు. ఆయనకూ ఈ ఏడాది విత్తనం అదే. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "విత్తనానికి వెల కట్టను తల్లీ."

ఆయన చెప్పినట్టే గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, వరిగడ్డిలో పెట్టాను. గింజ మొనన తెల్లని వేరు కనిపించిన రోజు ఆయనకే ముందు ఫోను చేశాను. ముసురు పట్టినప్పుడు పిలవకుండానే బస్సెక్కి వచ్చారు. మడిలో నీళ్లు నిలిస్తే నారు కుళ్లుతుందని, వద్దంటున్నా వినకుండా పార పట్టి కాలువ తీశారు. ఆ వయసులో, ఆ వానలో!

మాకు విత్తనం ఎలా ఉంచుకోవాలో కూడా ఆయనే చెప్పారు. గట్టు పక్క మొక్కలు వద్దట, పక్క చేను రకంతో కలిసిపోతాయి. చేను నడుమ తెగులు లేని మొక్కలు చూసి, చెట్టు మీదే పూర్తిగా పండిన కాయలు కోసి నీడన ఆరబెట్టాలి. హైబ్రిడ్ కాయల గింజ దాస్తే అదే రకం రాదు, దేశవాళీకైతే ఆ బెంగ లేదు. విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు రైతుకు 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణ చట్టంలోనే ఉంది. ఆ మాట మాకు ఏ కార్యాలయమూ చెప్పలేదు.

పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు. మీ కాళ్లకు నమస్కారం పెద్దయ్యా.

తోడుగా అమ్మ, మా ఆయన, పిల్లలు ఎలాగూ ఉన్నారు.

అన్నట్టు, మడి మీద పరదా కట్టిన పక్కింటి తమ్ముడికి, నాట్లకు వచ్చి చీకటి పడ్డా కదలని అక్కలకు కూడా దండాలు. వేపపిండి అప్పుగా ఇచ్చిన అన్నా, నిన్ను మరిచేదాన్ని! డబ్బు ఈ వారమే పంపుతాను.