ఈశాన్య వానలు రాకముందే మిద్దె ఎక్కి చూడాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

తుపాను హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ కోతకొచ్చిన వరిని ఎలా కాపాడుకోవాలో, పడవలను ఎక్కడ కట్టేయాలో, తెగిన కరెంటు తీగల దగ్గర ఎలా మసలుకోవాలో మీ పత్రిక వివరంగా చెబుతున్నది. అందుకు కృతజ్ఞతలు. అయితే ఆ వాన ముందుగా పడేది మన ఇంటి కప్పు మీదే అయినా, దాని బాగోగుల గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క కనిపించదు. నెల్లూరు జిల్లాలో ముప్పై ఏళ్ల కిందట స్లాబు ఇల్లు కట్టుకున్న పాఠకుడిగా, ఆ విషయంలో నేను చేసిన పొరపాటు మరొకరు చేయకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనకు మంచు కురవదు, నీళ్లు గడ్డకట్టవు కాబట్టి చలికాలంలో కప్పుకు వచ్చే ముప్పేమీ లేదని చాలామంది ధీమాగా ఉంటారు. తెలంగాణలో పెద్ద వానలు నైరుతితోనే వెళ్లిపోతాయి గనుక అక్కడ ఆ ధీమా కొంతవరకు చెల్లుతుంది. నెల్లూరు, తిరుపతి జిల్లాల సంగతి వేరు. మాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. పైగా ఆ రోజుల్లో ఎండ పలచగా ఉండి, తెల్లవారుజామున పొగమంచు పట్టడం వల్ల ఒకసారి తడిసిన స్లాబు వారం గడిచినా పూర్తిగా ఆరదు. ఆరకముందే మరో వాయుగుండం వస్తుంది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రెండు రోజులూ మా వైపు వాన తెరిపి ఇవ్వలేదు. ఆ తెల్లవారుజామున మా అమ్మ పడుకునే గదిలో పైకప్పు నుంచి పళ్లెమంత పెచ్చు ఊడి సరిగ్గా తలగడ మీద పడింది. ఆమె అప్పుడే లేచి కాఫీ కోసం వంటింట్లోకి వచ్చింది కాబట్టి సరిపోయింది. పైన చూస్తే రెండు కమ్మీలు ఎర్రగా తుప్పుపట్టి, పొరలు పొరలుగా లేచి కనిపించాయి. గొడుగు వేసుకుని మిద్దె ఎక్కితే చీలమండ దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి. తూములో చెయ్యి పెట్టి లాగితే పక్కింటి వేపచెట్టు ఆకులు, పావురాలు పోగుచేసిన పుల్లలు, వాటన్నిటికీ అడ్డంగా చుట్టుకున్న ఒక పాల ప్యాకెట్టు కవరు బయటికి వచ్చాయి.

అంతకు రెండేళ్ల ముందే ఆ గది కప్పు మీద చెమ్మ మరక కనిపించింది. పిలిపించిన మేస్త్రీ కింది నుంచి సిమెంటు పూసి రంగు వేశాడు. మరక పోయింది కదా అని మేమూ ఊరుకున్నాం. నీరు దిగుతున్నది పైనుంచి అయితే కింద పూత పూయించి తృప్తిపడ్డాం. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, ఒక్కసారి పైకెక్కి చూడవలసిన బాధ్యత ఇంటివాడిగా నాది.

నిలిచిన నీటి బరువు ఎంతో మనం ఎన్నడూ లెక్క వేసుకోం. వంద గజాల మిద్దె మీద ఒక రోజులో పది సెంటీమీటర్ల వాన పడితే వచ్చే నీరు ఎనిమిది వేల లీటర్లకు పైమాటే, అంటే ఎనిమిది టన్నులకు మించిన బరువు. తూము పూడిపోతే పిట్టగోడలు ఆ నీటినంతా తొట్టిలో పట్టినట్టు పట్టి ఉంచుతాయి. అప్పుడు చదరపు మీటరుకు వంద కిలోల భారం పడుతుంది. మనుషులు తిరిగే మిద్దెలకు స్లాబు సొంత బరువు కాకుండా చదరపు మీటరుకు 150 కిలోల భారాన్ని లెక్కలోకి తీసుకుని డిజైను చేయాలన్నది మన దేశపు ప్రమాణం. అందులో మూడింట రెండు వంతులు వాననీరే ఆక్రమిస్తుందన్నమాట. కమ్మీలు తుప్పుపట్టిన పాత స్లాబుకు ఇది చిన్న పరీక్ష కాదు.

అసలు నష్టం నిదానంగా మొదలవుతుంది. పగలు ఎండకు స్లాబు సాగుతుంది, రాత్రి చలికి కుంచించుకుపోతుంది. ముప్పై అడుగుల స్లాబులో ఇరవై డిగ్రీల తేడాకు ఈ కదలిక దాదాపు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. పిట్టగోడా స్లాబూ కలిసే మూలలో సన్నని నెర్రె పడేది ఎక్కువగా ఇందువల్లే. ఆ నెర్రెలో దిగిన తేమ ఇనుమును చేరుతుంది. ఇనుము తుప్పుపడితే దాని పరిమాణం రెండు రెట్లకు పైగా పెరిగి, చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో గాలిలోని ఉప్పు ఈ పనిని ఇంకా వేగంగా జరిపిస్తుంది. నెర్రెలో మొలిచిన రావి మొక్కను పైపైన తుంచేస్తే వేరు గోడలోనే ఉండిపోయి మళ్లీ చిగురిస్తుంది. మా పిట్టగోడలోంచి తీసిన వేరు జానెడు మొక్కకు మూరెడు పొడవుంది.

అందుకని సెప్టెంబరు నెలాఖరులో ఒక ఆదివారం ఉదయం మిద్దెకు కేటాయించమని తోటి పాఠకులను వేడుకుంటున్నాను. తూములన్నీ శుభ్రం చేసి, రెండు బిందెల నీళ్లు పోసి అవి ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడాలి. పది అడుగులకు కనీసం ఒక అంగుళమైనా వాలు ఉండాలి. నీళ్ల ట్యాంకు పొర్లి ఎప్పుడూ ఒకే చోట తడుస్తున్నదేమో గమనించాలి. ఇంట్లోకి వచ్చి కర్రతో కప్పును మెల్లగా తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట పెచ్చు లేవడం మొదలైందని అర్థం. ఆ కింద మంచం, ఊయల ఉంచకూడదు.

మరమ్మతు మాత్రం వానలు వెనుకబట్టి స్లాబు బాగా ఆరిన తరువాత, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య చేయించుకోవాలి. నవంబరులో కారుతున్నదని హడావుడిగా తడి మీద వేసిన వాటర్‌ప్రూఫ్ పూత ఏడాది తిరగకుండానే పొట్టులా లేస్తుంది. లోపలి చెమ్మ ఆరకుండా దాని మీద మరో వరుస టైల్స్ పరిపిస్తే బరువు పెరుగుతుంది, నీరు లోపలే ఉండిపోతుంది. నెర్రెను గాడిలా తెరిచి శుభ్రం చేసి నింపాలి, పిట్టగోడ మూలలో నీరు నిలవకుండా ఏటవాలుగా సిమెంటు పూయాలి, ఆ తరువాతే పూత. పెచ్చు ఊడిన చోట కమ్మీకి తుప్పంతా గీకించకుండా ప్లాస్టరింగు చేయనివ్వవద్దు. కమ్మీ సన్నబడిపోయి ఉంటే మేస్త్రీతో సరిపెట్టక ఇంజనీరుకు చూపించాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద సోలార్ ఫలకలు పెట్టించుకునేవారు కూడా బోల్టులు బిగించకముందే ఈ పనులు ముగించడం మేలు, ఎందుకంటే ఆ తరువాత వాటి కింద చెయ్యి పెట్టడం కూడా కష్టమవుతుంది.

పెంకుటిళ్లవారు కోతులు, గాలి కదిల్చిన పెంకులను సర్దించుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. సిమెంటు రేకుల మీదికి మాత్రం ఎవరూ నేరుగా ఎక్కవద్దు. బల్లచెక్క పరిచి, దాని మీద నిలబడే పని చేయాలి.

మీకు నా విన్నపం ఒక్కటే. ఏటా సెప్టెంబరు చివరి వారంలో నెల్లూరు, తిరుపతి, ప్రకాశం జిల్లాల పేజీల్లో ఈ జాగ్రత్తలను ఒక పెట్టెకట్టి ప్రచురించండి. గ్రామ, వార్డు సచివాలయాల్లో ఇంజనీరింగ్ సిబ్బంది ఉన్నారు. పాత కాలనీ ఇళ్లలో ఒంటరిగా ఉంటున్న వృద్ధుల కప్పులను వానలకు ముందు ఒకసారి చూసి రమ్మని వారిని అధికారులు ఆదేశించేలా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నెల్లూరు జిల్లా