మా ఇంట్లో మీటర్ లేదు మంత్రిగారూ

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగారికి,

నమస్కారమండి. నేను సీరియల్స్ చూస్తాను. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళ మొహంలో చిన్న నవ్వొకటి వస్తుంది, మీకూ వచ్చే ఉంటుంది, ఫర్లేదు, అలవాటే. సాయంత్రం ఏడు నుంచి పది దాకా మా ఇంట్లో టీవీ మా అత్తగారిది. నేను వంట చేస్తూ సగం చూస్తా, మిగతా సగం పొద్దున బస్సులో ఫోన్‌లో చూసుకుంటా. మా అత్తగారు ఒక్క సీన్ వదలరు, ఒక్క సీన్‌నీ తిట్టకుండా వదలరు కూడా. "ఆ పిల్లకి నోరు లేదా, ఆ ఒక్క ముక్క మొగుడికి చెప్పేస్తే పోలా" అని రోజూ ఒకే టైంకి అంటారు, ఆ పిల్ల చెప్పదు, మా అత్తగారు అనడం మానరు, ఎనిమిది నెలల నుంచి ఇదే నడుస్తోంది.

ఈ లెటర్ దాని గురించే. మేం ఇన్ని మాటలు అంటున్నాం కదా, అవి ఎటు పోతున్నాయి అని.

పొద్దున ప్రోమో వస్తే మధ్యాహ్నానికి కింద వందల కామెంట్లు ఉంటాయి, మీరెప్పుడైనా తీరిక చేసుకుని చదవండి సార్, సీరియల్ కంటే అవే బావుంటాయి. అన్ని కోట్ల ఆస్తి ఉన్న ఇంట్లో ఒక్క సీసీ కెమెరా పెట్టించుకోలేరా అని ఒకావిడ అడిగింది, నిజమే కదా, రెండో రోజే కథ అయిపోతుంది. ఇంకొకావిడ అయితే విలన్ అత్త తలుపు పక్కన నిలబడి విన్న రహస్యాలన్నిటికీ వరసగా లెక్క రాసింది, నెలకి పదకొండు. జోకులే కాదు, బుర్ర పెట్టి రాసేవాళ్ళూ ఉన్నారు. ఫలానా క్యారెక్టర్ మొదట్లో ఉద్యోగం చేసుకునే అమ్మాయి కదా, పెళ్ళయ్యాక ఆ ఆఫీసు ఏమైపోయింది, ఒక్క డైలాగ్‌లోనైనా చెప్పాలి కదా అని ఒకమ్మాయి రాసింది, ఆ కథ రాసినవాళ్ళకే గుర్తులేని విషయం అది. ఇదంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే పోతుంది. జవాబుగా మళ్ళీ ఇంకో ప్రోమో వస్తుంది, అందులో తాళి కట్టే టైంకి ఎవరో "ఆపండి" అని అరుస్తారు, తీరా ఎపిసోడ్‌లో చూస్తే అది కల.

మా మాట అసలు చేరదా అంటే చేరుతుంది, వేరే దారిలో. 2017లో మొదలైన కార్తీకదీపం తెలుగు ఇళ్ళలో ఎంత నడిచిందో మీ శాఖలో తెలుగు తెలిసినవాళ్ళని ఎవరిని అడిగినా చెప్తారు. 2022లో అందులో దీప, డాక్టర్ బాబు ఇద్దరూ ప్రమాదంలో పోయారని చూపించి కథని పిల్లల తరానికి తీసుకెళ్ళారు. జనం గగ్గోలు పెట్టారు, వంటలక్క, అంటే ఆ దీప, లేకపోతే మాకెందుకు అన్నారు, కొన్ని నెలల తర్వాత పోయినవాళ్ళు తిరిగొచ్చారు. మా గగ్గోలు విని తెచ్చారా, నంబర్ చూసి తెచ్చారా అనేది వాళ్ళకే తెలియాలి. కానీ జనం తిడుతూనే చూడ్డం కంటిన్యూ చేసి ఉంటే వాళ్ళని బతికించేవాళ్ళా అని నాకు గట్టి డౌట్.

ఇక్కడే ఆ నంబర్ సంగతి వస్తుంది. ఏ ప్రోగ్రాం ఎంతమంది చూశారో లెక్కపెట్టే బార్క్ అనే సంస్థ 2015 నుంచి ఇస్తున్న రేటింగ్, అదే టీఆర్పీ, గురువారం గురువారం వచ్చేది. ఆ రోజు ఫ్యాన్ పేజీల్లో ఎన్నికల కౌంటింగ్ లాగా ఉంటుంది, మా సీరియల్ టాప్, మీది డౌన్ అని కొట్టుకుంటారు. మీ శాఖే 2025 జులైలో చెప్పింది, దేశంలో సుమారు 23 కోట్ల టీవీ ఇళ్ళు ఉంటే ఏం చూశారో రాసుకునే మీటర్లు ఉన్నవి 58 వేల ఇళ్ళలో అని, అంటే 0.025 శాతం. నాలుగు వేల ఇళ్ళకి ఒక్క ఇల్లు. అందులో అన్ని భాషల వాళ్ళూ ఉన్నారు. శాంపిల్ అంటే అంతే, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం కదా అని మా వారు అన్నారు. ఒప్పుకుంటా, కానీ అన్నం ఉడికిందా లేదా అనేది మెతుకుతో తెలుస్తుంది, రుచిగా ఉందా అని తినేవాళ్ళని అడగాలి కదండీ.

ఎందుకంటే ఆ మీటర్ ఏం చేస్తుందో కాస్త చదివా. చానల్ వాళ్ళు సౌండ్‌లో మన చెవికి వినపడని గుర్తు ఒకటి కలిపి పంపిస్తారు, మీటర్ దాన్ని పట్టుకుని ఏ చానల్ నడుస్తోందో రాసుకుంటుంది, ఇంట్లో ఎవరు చూస్తున్నారో వాళ్ళ వాళ్ళ బటన్ వాళ్ళు నొక్కాలి. అంతే. చూశారా లేదా అనేదే లెక్క. మా అత్తగారు కుర్చీలోంచి లేచి మరీ టీవీని తిట్టినా చూసినట్టే లెక్క, రిమోట్ దొరక్క అదే చానల్ ఉండిపోయినా చూసినట్టే లెక్క, సోఫాలో నిద్రపోయినా చూసినట్టే లెక్క. నేను ఫోన్‌లో చూసేది మటుకు ఆ టీఆర్పీలోకే రాదు. యాడ్స్ రేట్లు ఆ నంబర్ మీద ఉంటాయి కాబట్టి చానల్ వాళ్ళకి వినపడేది అదొక్కటే, వాళ్ళని అని ఏం లాభం. నంబర్ బావున్నంత కాలం కథని జీడిపాకం లాగా సాగదీస్తారు, మతిమరుపు వస్తుంది, పిల్లలు తారుమారవుతారు, రెండు సీరియల్స్ కలిపి మహాసంగమం అని వారం లాగిస్తారు. నంబర్ పడిందా, మూడేళ్ళ కథని రెండు వారాల్లో చుట్టచుట్టి శుభం కార్డు వేసేస్తారు, చివరికి ఆ నిజం మొగుడికి ఎలా తెలిసిందో కూడా సరిగ్గా చూపించరు. రెండు రకాలుగానూ చూసేవాళ్ళని కరివేపాకులా తీసిపారేసినట్టే.

నచ్చకపోతే మార్చేయొచ్చు కదా రిమోట్ మీ చేతిలోనే ఉంది కదా అని అందరూ చెప్పే మాటే మీ ఆఫీసులోనూ ఎవరో అంటారు. పక్క చానల్‌కి వెళ్తే అక్కడా అదే టైంకి అదే కథ సార్, చీర కలర్ వేరు. పైగా కొన్నేళ్ళు ఒక ఇంటి మనుషుల్ని చూశాక కథ పాడైందని వదిలేయడం అంత ఈజీ కాదు, కక్కలేక మింగలేక చూస్తాం. అలా చూడడాన్ని "ప్రేక్షకాదరణ" అని పేపర్లో వేస్తారు.

కంప్లైంట్ పెట్టుకునే దారి ఉంది కదా అంటారేమో, ఉంది, నేను వెళ్ళొచ్చా ఆ దారిలో. ఒక సీరియల్‌లో హీరోయిన్‌కి పిచ్చి అని ముద్ర వేసి, విలన్ డబ్బులిచ్చి హాస్పిటల్లో కరెంట్ షాక్ పెట్టించడం మూడు ఎపిసోడ్లు చూపించారు, అరుపులు, ఎర్ర లైట్లు, డాక్టర్ నవ్వడం. మా దగ్గర బంధువుల్లో ఒకరు డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు. ఆ ఎపిసోడ్ చూసిన మర్నాడు నేనా హాస్పిటల్‌కి రాను, నన్నూ అలాగే కట్టేస్తారు అని మొండికేశారు. ఇంట్లో వాళ్ళు బతిమాలి తీసుకెళ్ళడానికి నెల పట్టింది. చానల్ పేరు రాయను, ఇక్కడ అది పాయింట్ కాదు. చానల్ వాళ్ళకి ఒక మెయిల్ పెట్టా, తిట్టలేదు, మర్యాదగానే రాశా. నిమిషంలో ఆటోమేటిక్ రిప్లై వచ్చింది, మీ అభిప్రాయం మాకు విలువైనది అని. అంతే, తర్వాత చడీ చప్పుడూ లేదు. రెండు నెలల తర్వాత తెలిసింది, మీరు 2021 జూన్‌లో కేబుల్ టీవీ రూల్స్ మార్చి మూడంచెల పద్ధతి పెట్టారని, చానల్ 24 గంటల్లో అందిందని చెప్పాలని, 15 రోజుల్లో తేల్చి చెప్పాలని, లేదంటే మనం ఇంకో 15 రోజుల్లోపు వాళ్ళ పైన ఉన్న సంస్థకి అప్పీల్ చేసుకోవాలని. నాకు తెలిసేటప్పటికి ఆ గడువు కాస్తా అయిపోయింది. టీవీలో కింద ఒక స్క్రోల్ వెళ్తుంది అభ్యంతరాలుంటే ఫలానా చోటికి రాయండి అని, మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకునేలోపు వెళ్ళిపోతుంది. సబ్బు యాడ్ ఎన్నిసార్లు వస్తుందో అన్నిసార్లు ఇది కూడా నిలబెట్టి చదివితే ఏమవుతుందండీ.

యాడ్స్ అన్నాను కాబట్టి ఆ ముక్క కూడా. గంటకి 12 నిమిషాలు దాటకూడదని మీ రూల్స్‌లోనే ఉంది, యాడ్ సౌండ్ మరీ గట్టిగా ఉండకూడదని కూడా ఉంది. మా ఇంట్లో బ్రేక్ రాగానే మ్యూట్ నొక్కడం మా అత్తగారి డ్యూటీ, ఆవిడ నిద్రపోయిన రోజున పక్కింటి వాళ్ళకి కూడా తెలుస్తుంది బ్రేక్ వచ్చిందని. ఇంతకంటే చెప్పను, కోర్టుల దాకా వెళ్ళిన విషయం, నాకంటే మీకే బాగా తెలుసు.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇంకోటి. హైదరాబాద్ దూరదర్శన్‌లో జాబులు జవాబులు అని ఒక ప్రోగ్రాం వచ్చేది, మీ శాఖ పాత ఫైళ్ళలో ఉంటుంది చూడండి. ప్రేక్షకులు రాసిన కార్డులు తీసుకుని చదివేవాళ్ళు, ఈ నాటకం బాలేదు, ఆ పాట మళ్ళీ వెయ్యండి, వార్తలప్పుడు బొమ్మ సరిగ్గా రాలేదు, ఇలాంటివన్నీ, చదివి జవాబు చెప్పేవాళ్ళు. మా ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ ప్రోగ్రాం కూడా ఒక సీరియల్ లాంటిదే, ఎవరి కార్డు చదువుతారా అని కూర్చునేవాళ్ళు. మా అమ్మ మూడు కార్డులు రాసింది, ఒక్కటీ చదవలేదు, అయినా చదువుతారేమో అని చూసేది. జవాబులు అన్నీ గొప్పగా ఉండేవని కాదు, మీ సూచన పరిశీలిస్తాం అనేవే ఎక్కువ. కానీ ఆ మాట ఒక మనిషి కెమెరా వైపు చూసి చెప్పేవాడు, రాసినవాళ్ళ పేరు చదివి, ఊరు చదివి. జాతీయ చానల్లో సురభి అనే ప్రోగ్రాంకి వచ్చిన కార్డుల తాకిడి తట్టుకోలేక తపాలా శాఖ పోటీలకని వేరే పోస్ట్ కార్డే తెచ్చిందంటారు. అడిగితే జనం రాస్తారు సార్. ఇప్పుడు రాయడం ఇంకా తేలిక, వద్దన్నా రాస్తున్నారు, చదివి జవాబు చెప్పే ఆ కుర్చీ ఒక్కటే ఖాళీ.

ఆ కుర్చీ మళ్ళీ వేయించండి. దూరదర్శన్ నడిపే ప్రసార భారతి స్వతంత్ర సంస్థ అని తెలుసు, అయినా దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి రెండు తెలుగు చానళ్ళు ఉన్నాయి కదా, వారానికి అరగంట, ప్రైవేట్ చానళ్ళ సీరియల్స్ గురించి కూడా ప్రేక్షకులు మాట్లాడేలా, ఆ సీరియల్ రైటరో డైరెక్టరో వచ్చి కూర్చుని జవాబు చెప్పేలా ఒకటి మొదలుపెట్టమని సలహా ఇవ్వండి. ఎవరూ రారు అంటారేమో, కుర్చీ ఖాళీగానే చూపించండి, రెండో వారం వస్తారు. ఇంకోటి, రేటింగ్ ఏజెన్సీలకి 2014లో పెట్టిన గైడ్‌లైన్స్ మార్చాలని మీరు 2025లో డ్రాఫ్ట్ పెట్టారు కదా, మీటర్లు పెంచడం గురించి, కొత్త ఏజెన్సీల గురించి అందరూ మాట్లాడారు, బావుంది, ఎంతమంది చూశారు అనే దాని పక్కన చూసినవాళ్ళకి ఎలా అనిపించింది అని కూడా ఒక ప్రశ్న అడిగి ఆ లెక్క కూడా పబ్లిక్‌గా పెట్టమనండి. ఆ లెక్కని బట్టి యాడ్ రేట్లు పెట్టుకోవాలా వద్దా అనేది వ్యాపారం చేసేవాళ్ళ ఇష్టం. పక్కపక్కన రెండు నంబర్లు ఉంటే, ఎక్కువమంది చూసి ఎక్కువమంది తిట్టిన సీరియల్ ఏదో కనీసం తెలుస్తుంది.

ఒకటి మాత్రం అపార్థం చేసుకోకండి, కథల్లో వేలు పెట్టమని నేను అడగట్లేదు. హీరోయిన్ ఎలా ఉండాలో, అత్త ఎంత చెడ్డగా ఉండాలో ప్రభుత్వం చెప్పడం మొదలుపెడితే ఇప్పుడున్న దానికంటే ఘోరంగా ఉంటుంది, అది మాకొద్దు. అలాగే మావాళ్ళందరూ బుద్ధిమంతులని కూడా చెప్పను. విలన్ వేషం వేసిన ఆవిడ సొంత పేజీకి వెళ్ళి నువ్వు నాశనమైపోతావ్ అని శాపాలు పెట్టేవాళ్ళు ఉన్నారు, ఆవిడ తన పని తను చేసుకుంటోంది పాపం, కథ రాసింది ఆవిడ కాదు. రాసినవాళ్ళకి చెప్పుకునే చోటు ఉంటే ఈ తిట్లలో కొన్నైనా అటు వెళ్ళేవేమో, ఆవిడ పేజీ కాస్త చల్లబడేదేమో అని నాకనిపిస్తుంది.

జవాబు రాస్తే తెలుగులో రాయించండి, మా అత్తగారికి చదివి వినిపించాలి. ఆ షాక్ ట్రీట్‌మెంట్ మెయిల్ ఇంకా నా దగ్గరే ఉంది, తారీకుతో సహా, అడిగితే పంపిస్తా. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అనే వాక్యం మాత్రం వద్దండి, అది ఇప్పటికే ఒకటి వచ్చింది.

ఇట్లు,
మీటర్ లేని ఇంట్లో సీరియల్ చూసే ఒక ఆడమనిషి
(మా అత్తగారి తరఫున కూడా)