శీనుకు, ఒకటో తరగతి గురించి

నర్సంపేట,
ఆదివారం పొద్దున

అరేయ్ శీను,

మొన్న రాత్రి ఫోన్‌లో నీ మాటలు విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉందిరా. ఇన్నేళ్లూ నాలుగు, అయిదు తరగతులు చూసుకున్నవాడివి. బదిలీ అయిన బడిలో ఒకటి, రెండు తరగతులు నీ చేతికొచ్చాయి. "పిల్లలు అ నుంచి ఱ దాకా గడగడా చెప్తరు, పుస్తకం తీసి చదవమంటే నోరు మెదపరు, టెన్షన్‌తో నాకు నిద్ర పడతలేదు" అన్నావు. పది నిమిషాల ఫోన్‌లో తేలే సంగతి కాదిది. అందుకే చాయ్ తాగి కాగితాలు ముందేసుకుని కూర్చున్నా. పత్తి ఏరుడు మొదలైంది, ఊరంతా చేలల్లోనే ఉంది, మధ్యలో వచ్చి పలకరించేవాళ్లు కూడా లేరు.

నేను ఒకటో తరగతి మొదటిసారి తీసుకున్న ఏడాది నాదీ ఇదే కథ. గుణింతాలు పాటలాగా పాడించేవాణ్ని, గది దద్దరిల్లేది. రెండు జడల పాప ఒకతి ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునేది. పాఠం మొత్తం ఎక్కడా తడుముకోకుండా చదివేది. నాకు ఎంత సంతోషమో! ఒకరోజు ఆ పాప పక్కన కింద కూర్చుని చూశాను. నోరు మూడో వరుసలో ఉంది, వేలు ఇంకా మొదటి వరుస మీదే ఉంది. పేజీ తిప్పకుండానే తర్వాతి పేజీలో మాటలు కూడా చెప్పేసింది. "మేక అని ఎక్కడ రాసుంది బిడ్డా, చూపించు" అంటే పుస్తకం వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది. పాఠం ఆ పాపకు వచ్చు, చదవడం రాదు. పుస్తకంలో ఉన్నది తను ఇంట్లో రోజూ మాట్లాడే మాటేనని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు ఒక పిల్లాడు బడికి ఆలస్యంగా వచ్చాడు. ఎందుకురా అంటే, "మా బాపు మేకకు ఆకేసిండు సార్, నేను సూసుకుంట నిలవడ్డ" అన్నాడు. పాఠం పక్కన పెట్టి బోర్డు మీద పెద్దగా రాశాను: "బాపు మేకకు ఆకు వేశాడు." ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివాను, వాళ్లూ చదివారు. తర్వాత "బాపు" చెరిపి "తాత" అని రాశాను. ఒకడు తడుముకుంటూ "తా... త... తాత!" అని అరిచాడు. "మేక" తీసి "ఆవు" పెట్టాను. అలా ఒక్కొక్క మాటే మారుస్తూ అరగంట గడిచింది. చివరికి "మేక బాపుకు ఆకు వేసింది" అని రాసి ఏమీ మాట్లాడకుండా పక్కకు జరిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనకనుంచి ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ తర్వాత ఇంకొకడు. అయిదారుగురు పొట్ట పట్టుకుని నవ్వారు, మిగతావాళ్లు "ఏంది, ఏంది" అని వాళ్లను అడుగుతున్నారు. నేను చదివి వినిపించలేదు, బొమ్మ వేయలేదు. చదివినవాళ్లకే నవ్వొచ్చింది. ఎవరికి చదవడం వస్తోందో నాకు ఏ పరీక్షా ఇంత బాగా చెప్పలేదు.

నా పద్ధతి అప్పటి నుంచే మారింది. పిల్లాడి రోజులోంచి మాటలు తీసుకోవాలి. లేవడం, మొఖం కడుక్కోవడం, చాయ్‌లో బిస్కెట్ ముంచుకోవడం, తమ్ముణ్ని ఎత్తుకోవడం, బోరు దగ్గర బిందె పట్టడం, గోలీలు ఆడడం. ఇలాంటివే ఉన్న చిన్న చిన్న పుస్తకాలు కావాలి. పేజీకి ఒక బొమ్మ, ఒక వాక్యం. ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తూ ఒక్క మాట మారాలి. మనకు అది చప్పగా ఉంటుంది. వాడికి మాత్రం ప్రతి పేజీ గెలిచినట్టే, ఎందుకంటే ముప్పావు వంతు మాటలు అప్పటికే వాడికి తెలిసినవి.

పుస్తకాలు ఎక్కడివి అంటావు. ముందు మీ బడి బీరువా తెరువు, తాళం ఎక్కడుందో వెతికించు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి కొన్నైనా ఉంటాయి. హైదరాబాద్‌లో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు తెలుగులో పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే వేస్తారు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు బోలెడు ఉన్నాయి. పైసా కట్టకుండా దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు. వాళ్లు కథలను నాలుగు స్థాయిలుగా విడదీశారు. ఒక్క మాట గుర్తుంచుకో. మొదటి స్థాయి అని రాసి ఉన్నవన్నీ మన పిల్లలు సొంతంగా చదవగలిగేవి కావు. కొన్నింట్లో పేజీకి నాలుగైదు వాక్యాలు, మాటమాటకూ ఒత్తులు. అవి నువ్వు చదివి వినిపించడానికి పెట్టుకో. రోజూ ఒకటి వినిపించు, అది మానకు. వాళ్ల చేతికిచ్చేది మాత్రం వేరే కుప్ప. ఈ రెండు కుప్పలనూ కలిపేయడమే నేను మొదట చేసిన పెద్ద తప్పు.

ఇంకో సంగతి, బాగా జాగ్రత్త పడాల్సింది. బొమ్మ చూసి చెప్పేస్తారురా. ఒక పుస్తకంలో పిల్లాడు బ్రష్ పట్టుకుని ఉన్న బొమ్మ, కింద "రవి పళ్లు తోముకున్నాడు" అని ఉంది. మా వాడు ఠక్కున "రవి మొఖం కడుక్కుండు" అన్నాడు. మన దగ్గర పొద్దున్నే ఏమంటాం? మొఖం కడుక్కో అనే కదా! అర్థం తప్పు కాదు, కాబట్టి తప్పు అనలేదు. "సరే, మొఖం అని రాస్తే మొదట ఏ అక్షరం ఉండాలి?" అన్నాను. "మొ" అన్నాడు. "ఇక్కడ ఏముంది?" వంగి, వేలు పెట్టి, చాలాసేపు చూశాడు. "ప సార్... ప... ళ్లు... పళ్లా? పండ్లు!" అన్నాడు. మళ్లీ చూసి, "గాదు, పళ్లు అని ఉంది" అని తనే దిద్దుకున్నాడు. ఆ వంగి చూడడం కావాలి మనకు. అందుకే రెండోసారి చదివేటప్పుడు బొమ్మ మీద అట్టముక్క పెట్టేస్తాను. ముందు బొమ్మ చూసి అందరం కబుర్లు చెప్పుకుంటాం, తర్వాత నేను చదువుతాను, తర్వాత అందరం కలిసి, ఆ తర్వాత జంటలుగా. చివరికి బొమ్మ మూసి ఒక్కొక్కరే.

ఒక్కొక్కరే అన్నది గట్టిగా పట్టుకో. అందరూ కలిసి చదివితే రానివాళ్లు ఆ గొంతుల్లో దాక్కుంటారు. పల్లెల్లో పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూడడానికి 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో ఒక్కో పిల్లను విడిగా కూర్చోబెట్టి అక్షరం, పదం, చిన్న పేరా, కథ అని మెట్లుమెట్లుగా చదివించి చూస్తారు. మన తెలంగాణ సర్కారు బడుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడాలని 2022 ఆగస్టులో తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పుడు కూడా ఏ పిల్ల ఏ మెట్టు మీదుందో చూసుకోమనే చెప్పారు. నేను రోజుకు నలుగురిని పిలుస్తాను, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. వారం తిరిగేసరికి తరగతి అంతా అయిపోతుంది.

ఇప్పుడు ఒత్తుల సంగతి. ఇది నాకు ఎంత ఇష్టమో నీకు తెలియదు. పిల్లాడు పుట్టాక మొదట నేర్చుకునే మాటలు చూడు: అమ్మ, నాన్న, అక్క, అన్న, తమ్ముడు, చెల్లె. అన్నింట్లోనూ ఒత్తే! గుణింతాల తర్వాత ఒత్తులు అని కూర్చుంటే "అమ్మ" అని చదవడానికి ఏడాది ఆగాలి. మన వైపు పిల్లల అదృష్టం ఏమిటంటే వాళ్లకు "బాపు" ఉన్నాడు, "తాత" ఉన్నాడు. అక్షరాలు, దీర్ఘం, కొమ్ము వస్తే చాలు, చదివేయొచ్చు. మా బడికి పక్క తండా నుంచి వచ్చే పిల్లలు అమ్మను "యాడి" అంటారు. యాకు దీర్ఘం, డికి గుడి, ఒత్తు లేనే లేదు. అందుకని మా మొదటి పుస్తకాల నిండా బాపు, తాత, యాడి, మేక, కోడి, ఆవు.

మరి బర్రె? ఇక్కడ చాలా ఆలోచించాను. "గేదె" అని రాస్తే చదవడం తేలిక, ఒత్తు లేదు. కానీ మా పిల్లల నోట ఏ రోజూ గేదె రాదు. చదివాక "అంటే ఏంది సార్?" అని అడిగారు. కూడబలుక్కుని కష్టపడి చదివి, చివరికి తెలియని జంతువు దగ్గరికి చేరితే వాడికి ఏం దక్కినట్టు? బర్రె అనే రాశాను. ర కింద ఇంకో ర ఉందని చూపించాను. రెండు రోజుల్లో వచ్చేసింది. అది వచ్చాక "గొర్రె" దానంతటదే వచ్చింది, నేను చెప్పనే లేదు. అమ్మ, అక్క కూడా అలాగే బొమ్మలాగా ముందే గుర్తుపట్టిస్తాను. మిగతా ఒత్తులు నిదానంగా వస్తాయి.

నీ పిల్లలు "ఆవు" అనే మాట దగ్గర ఆగితే కంగారు పడకు. వ పక్కన మామూలు కొమ్ము పెట్టినట్టు చూస్తే అది మ లాగే ఉంటుంది. అందుకే వు రాసేటప్పుడు కొమ్ము కిందనుంచి తిరిగి వస్తుంది. పిల్లలు ఈ రెంటినీ కలిపేసి "ఆమ" అని చదువుతారు. బోర్డు మీద మ, వు పక్కపక్కన పెద్దగా రాసి, కొమ్ము ఎక్కడ మొదలైందో వేలితో దిద్దిస్తే సరిపోతుంది. ప, ష, వ, మ, య కూడా ఒకేరోజు చెప్పకు, దూరం దూరంగా చెప్పు.

ఇక మా సొంత పుస్తకాల గురించి. ఒక పక్క వాడేసిన ఏ-ఫోర్ కాగితాన్ని రెండుసార్లు మడిచి, పై మడత కోసి, మధ్యలో దారంతో కుడితే చిన్న పుస్తకం. తెల్లటి వైపు మాత్రమే బొమ్మలు, వాక్యాలు. పిల్లలు చెప్తారు, నేను రాస్తాను, బొమ్మలు వాళ్లవి. వాళ్లు "ఏసిండు" అంటే "వేశాడు" అని దిద్దాలా వద్దా అని నువ్వు అడుగుతావు, నాకు తెలుసు. వాళ్ల పుస్తకంలో వాళ్లు అన్నట్టే రాస్తాను. తన నోటి మాటే కాగితం మీద కనిపిస్తే ఆ పిల్ల కళ్లు ఎలా వెలుగుతాయో నువ్వే చూస్తావు. అచ్చు పుస్తకంలో "వేశాడు" వస్తుంది, "ఇదీ అదీ ఒకటే" అని అప్పుడు చెప్తాను. ఇప్పటిదాకా ఎవరూ తికమక పడలేదు.

తండా పాప ఒకతి, జూన్ నుంచి ఆగస్టు దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తెలుగు వింటే తల వంచుకునేది. పుస్తకాలు చేసే రోజు కాగితం మీద ఒక బొమ్మ వేసి నా ముందు పెట్టింది. పొయ్యి, పొయ్యి మీద పెనం, పక్కన ఆడమనిషి. ఎవరు అని అడిగితే "యాడి" అంది, వినీ వినిపించనంత మెల్లగా. "ఏం చేస్తోంది?" అన్నాను. "రొట్టె." "యాడి రొట్టె" అని రాశాను. రెండో పేజీలో "యాడి చాయ్", మూడో పేజీలో "యాడి పత్తి". మొత్తం పుస్తకంలో క్రియ అన్నది లేదు, నేనూ చేర్చలేదు. ఆ పుస్తకాన్ని ఆ పాప సంచిలో పెట్టుకుని రోజూ తెస్తుంది, రోజూ తీసుకుపోతుంది. అట్ట చిరిగితే టేపు అంటించాం. మొన్న సోమవారం నా దగ్గరికి వచ్చి పెన్ను అడిగింది. "యాడి రొట్టె" పక్కన తనే "చేసింది" అని రాయాలట. "చేసిది" అని రాసింది. సున్న పెట్టించాను.

తల్లిదండ్రులు కొందరు "ఇవేం పుస్తకాలు సార్, ఏబీసీడీలు చెప్పరా" అంటారు. 2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్. వాళ్ల ఆశ నాకు అర్థమవుతుంది, తమలాగా కూలికి పోవద్దని కదా. కోప్పడకుండా వాళ్ల ముందే పిల్లతో ఒక పుస్తకం చదివిస్తాను. నేను చూసినంతవరకు, తెలుగులో నాలుగు పుస్తకాలు సొంతంగా చదివిన పిల్లలే ఇంగ్లిష్ పేజీ దగ్గర ధైర్యంగా వేలు పెడుతున్నారు.

నీకు పన్నెండు పుస్తకాలు కట్ట కట్టి ఉంచాను, రేపు బస్సులో పంపిస్తా. అందులో నాలుగు మా పిల్లలు చేసినవి, అవి మాత్రం తిరిగి పంపాలి, మాటిచ్చి తెచ్చాను. మీ వైపు మాటలు వేరుగా ఉంటే వాటితోనే కొత్తవి చేయించు. దారం, సూది చెల్లెను అడుగు, ఇస్తుంది. మొదటి వారం ఆ నోరు మెదపని పిల్లల్లో ఎవరు ఏ మాట చదివారో రాసి పంపురా, ఎదురుచూస్తుంటా. అమ్మకు మోకాళ్లు ఎలా ఉన్నాయి? అడిగానని చెప్పు.

నీ
రాజు