మూడు ఆదివారాలు బంతి వేయడం లేదు

మన మెస్సులో ఆదివారం మధ్యాహ్నం జరిగే బంతి భోజనాన్ని ఈ వారం నుంచి మూడు వారాల పాటు నిలిపివేస్తున్నాను. ముందుగా డబ్బు కట్టినవారికి మొత్తం తిరిగి పంపాను. మిగతా రోజుల భోజనంలో ఏ మార్పూ లేదు. ఆరేళ్లుగా మనవలను వెంటబెట్టుకుని వస్తున్న మీకు అసలు కారణం నా నోటి నుంచే తెలియడం న్యాయం.

వారానికొక ఇంటి వంట వండే మన పద్ధతి ప్రకారం పోయిన ఆదివారం వంతు వరంగల్లు వైపు కుటుంబానిది. పచ్చిపులుసు వడ్డిస్తున్నాం. ఏడేళ్ల పాప ఒకతె, పక్కన కూర్చున్న తాతగారు చూపినట్టే అన్నం మధ్యలో గుంట చేసి, చుట్టూ గట్టు కట్టి పులుసు పోయించుకుంది. గట్టు ఒకవైపు తెగింది. పారిపోతున్న పులుసును ఆపబోయి విస్తరి అంచును గోటితో లేపితే, పైనున్న ఆకు ఊడి, దాని కింద నుంచి పల్చని పాలిథిన్ పొర చేతికి వచ్చింది. పాప దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "తాతా, ఆకుకు తోలు ఉంటుందా?" అని అడిగింది. ఆయన నా వైపు ఒక్కసారి చూసి, పెరుగన్నం తినకుండానే విస్తరి మడిచి లేచారు.

మనకు పార్వతీపురం వైపు నుంచి అడ్డాకు విస్తళ్లు తెప్పించి ఇచ్చే వ్యాపారి, వానలకు ఆకు ఎండలేదన్న మాట చెప్పకుండా, అట్ట మీద పాలిథిన్ వేసి పైన ఆకు అంటించి మిషను మీద నొక్కిన సరుకును అదే గోనెపట్టాలో చుట్టి, అదే ధరకు పంపాడు. అడిగితే, "ఈ రోజుల్లో ఎవరు చూస్తారండీ" అన్నాడు. అడ్డాకు తీగ ఎలా ఉంటుందో తెలియనివాడితో ఆ మాట అని ఉంటే ఊరుకునేవాణ్ణేమో. మా అమ్మ అరుగు మీద కూర్చుని, వెదురు పుల్లను పళ్ల మధ్య పట్టుకుని, ఆకు మీద ఆకు చేర్చి కుట్టి, ఎండిన కట్టల మీద రుబ్బురోలు పొత్రం బరువుగా పెట్టేది. అటువంటి ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. అయితే తప్పంతా అతని మీదకు తోసేయలేను. శనివారం రాత్రి కట్ట విప్పినప్పుడే అంచులు గిరి గీసినట్టు సమంగా ఉండటం, పుల్ల కుట్టు ఎక్కడా కనబడకపోవడం గమనించాను. 58 మంది వస్తున్నారన్న తొందరలో కళ్లు మూసుకున్నాను.

ఆ తరువాత నాలుగు రాత్రులు ఒకే విషయం మీద కొట్టుమిట్టాడాను. మీలో చాలామంది ఫోను చేసి, స్టీలు కంచాల్లో పెట్టండి, పిల్లలకు కావలసింది వంట గాని ఆకు కాదు కదా అన్నారు. లెక్కకు ఆ మాట సరైనదే. కంచాలు ఉన్నాయి, కడిగే మనిషి ఉంది, ఖర్చూ తక్కువే. కానీ కంచానికి అంచు ఉంటుంది. అందులో ఎంత పులుసు పోసినా ఎక్కడికీ పారదు, గట్టు కట్టే పని లేదు, తాత చెయ్యి మనవరాలి విస్తరిలోకి రానక్కరలేదు. పప్పు, నెయ్యి ముద్దతో మొదలుపెట్టి మజ్జిగ దాకా ఏది ఎప్పుడు కలుపుకోవాలో, వడ్డించేవారికి చేయి అడ్డం పెట్టి ఎలా చాలనాలో, తిన్నాక విస్తరిని తమ ఇంటి ఆచారం ప్రకారం ఎటు మడవాలో పిల్లలు నేర్చుకుంటున్నది ఈ ఆకు ముందు కూర్చునే. గట్టు తెగినప్పుడే, "మా చిన్నప్పుడు పెళ్లిబంతిలో..." అంటూ పెద్దల నోట ఊరి కబుర్లు వస్తాయి. అరటాకు వేద్దామా అనీ ఆలోచించాను గాని, మార్కెట్టులో ఒక్కో ఆకుకు అడుగుతున్న ధర మన భోజనం వెలకు పొసగలేదు. ఇది మొండితనమని మా ఆవిడ అంటోంది. కావచ్చు.

ఇకపై మధ్యవర్తి లేకుండా, మా ఊరి బంధువుల ద్వారా, చేత్తో కుట్టేవారి దగ్గరే కొంటాను. నమూనాగా వచ్చిన 100 విస్తళ్లలో 11 చిల్లులున్నవి. వాటిని పక్కన పెట్టి, మిగతావాటి మీద నీళ్లు చిలకరించి, వేడి అన్నంతో మా ఇంట్లో తిని చూశాం. ఆకు ధర రెట్టింపు అవుతుంది కనుక పెద్దల భోజనానికి 20 రూపాయలు పెంచక తప్పడం లేదు, పిల్లలకు పాత వెలే. కార్తీకంలో వచ్చే మొదటి ఆదివారం బంతి మళ్లీ వేస్తాను. ఆ రోజు కూర్చునే ముందు మీరే నాలుగు విస్తళ్లు వెనక్కు తిప్పి చూడవచ్చు, నేను నొచ్చుకోను.

ఆ తాతగారికి నేనే ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాను. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆ రోజు ఆయనకూ పాపకూ పక్కపక్కన రెండు విస్తళ్లు వేసి ఉంచుతాను. ఆయనకు పెరుగన్నం బాకీ ఉన్నాను.