ఆశ్రయ గృహాల నిధులకు కోత పెట్టవద్దు

సంపాదకుడికి,

ఆదాయం తగ్గినప్పుడు పురపాలక సంస్థల దృష్టి ముందుగా చట్టం తప్పనిసరి చేయని ఖర్చుల మీద పడుతుంది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం ఆగితే మర్నాటికే ఊరంతా నిలదీస్తుంది. ఇంట్లో హింస భరించలేక పిల్లలతో బయటపడిన స్త్రీలకు నీడనిచ్చే ఆశ్రయ గృహాలకు, కుటుంబ సహాయ కేంద్రాలకు గ్రాంటు తగ్గిస్తే మాత్రం అడిగేవారు అరుదు. ఎందుకంటే ఆ గృహాల చిరునామా సైతం గోప్యంగా ఉంచవలసినదే, అక్కడ తలదాచుకున్నవారు నలుగురి ముందుకు వచ్చి తమ గోడు చెప్పుకోగల స్థితిలో ఉండరు. వారు మాట్లాడలేకపోవడాన్ని అవసరం లేకపోవడంగా లెక్కగట్టడం అన్యాయం.

పడకల సంఖ్య తగ్గించడం లేదు, అనుబంధ సేవలను మాత్రమే కుదిస్తున్నామని ఇటువంటి సందర్భాల్లో పాలకవర్గాలు చెబుతుంటాయి. ఈ సమాధానాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. రక్షణ ఉత్తర్వు కోసం కోర్టుకు తోడుగా వెళ్లే న్యాయ సహాయకురాలు, పిల్లలను కొత్త బడిలో చేర్పించే కార్యకర్త, అద్దె ఇల్లు, ఉపాధి వెతికిపెట్టే ఉద్యోగి లేకపోతే, కొన్ని వారాల్లో తన కాళ్లమీద నిలబడగలిగిన స్త్రీ నెలల తరబడి ఆ గృహంలోనే ఉండిపోవలసి వస్తుంది. ఆమె పడక ఖాళీ కాదు కనుక, ఆ రాత్రి ఫోన్ చేసిన మరో తల్లికి చోటు లేదని చెప్పక తప్పదు. లెక్కల్లో ఒక్క పడక కూడా తగ్గకుండానే ఆశ్రయం దొరికేవారి సంఖ్య పడిపోతుంది.

అలా వెనక్కి పంపిన స్త్రీ ఎక్కడికి వెళ్తుంది? చాలాసార్లు తాను పారిపోయి వచ్చిన ఇంటికే. హింసించేవాడిని విడిచిపెట్టే సమయం, ఆ తర్వాతి నెలలు మిక్కిలి ప్రమాదకరమని ఈ రంగంలో పనిచేసేవారు పదే పదే హెచ్చరిస్తున్నారు. 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 51,100 మంది స్త్రీలు, బాలికలు తమ భాగస్వామి లేదా కుటుంబ సభ్యుల చేతుల్లోనే హతులయ్యారని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. అంటే రోజుకు సగటున 140 మంది.

ఈ కోతతో మిగిలేదీ తక్కువే. గాయాలకు ఆసుపత్రి, ఫిర్యాదులకు పోలీసులు, బెదిరిపోయిన పిల్లలకు బాలల సంక్షేమ విభాగం చేసే ఖర్చు వేరే పద్దుల్లోకి వెళ్తుంది గనుక పురపాలక బడ్జెట్‌లో కనిపించదు, అంతే. పైగా మూసిన గృహాన్ని మరుసటి ఏడాది నిధులిచ్చి యథాతథంగా తెరవడం సాధ్యం కాదు. ఏటేటా గ్రాంటు పునరుద్ధరణ కోసం ఎదురుచూసే అనుభవజ్ఞులైన కౌన్సెలర్లు ఈలోగా వేరే ఉద్యోగాలకు వెళ్లిపోతారు. భయపడుతున్న మనిషి చెప్పేది ఓపికగా విని, ప్రమాదం ఎంత దగ్గరలో ఉందో పసిగట్టే నేర్పు కొత్తవారికి ఒక్క శిక్షణ తరగతితో రాదు.

కనుక చోటు లేక ఎంతమందిని వెనక్కి పంపవలసి వచ్చిందో, వారిలో పిల్లలు ఎందరో వెల్లడించకుండా ఏ పాలకమండలీ ఇటువంటి కోతను ఆమోదించకూడదు. ఈ సేవలకు కనీసం మూడేళ్లకు ఒకేసారి నిధులు హామీ ఇవ్వాలి. ఆశ్రయం పొందిన స్త్రీల అభిప్రాయాలను పేర్లు బయటపడకుండా రాతపూర్వకంగా సేకరించి, ఓటింగుకు ముందే సభ్యులందరికీ అందజేయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు