మండల దవాఖానాలో మనసు జబ్బును గుర్తుపట్టేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం వస్తే మా జిల్లా కేంద్రాల్లో ర్యాలీలు తీస్తారు, పిల్లల చేత ప్రతిజ్ఞలు చేయిస్తారు, మనసుకు జబ్బు చేస్తే సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలని చెబుతారు. ఆ మాట నమ్మి దవాఖానా గడప తొక్కిన మనిషిని అక్కడున్నవాళ్లు గుర్తుపట్టగలుగుతున్నారా అని మాత్రం ఎవరూ అడగడం లేదు. నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో ఏఎన్‌ఎంగా చేరి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేసిన నేను, నా సర్వీసులో చూసినంతవరకు గుర్తుపట్టలేకపోయామనే చెప్పాలి. ఆ లెక్కలో మొదట నన్ను నేనే వేసుకుంటున్నాను.

మా పల్లెల్లో ఎవరూ 'నా మనసుకు జబ్బు చేసింది' అంటూ రారు. పానం మంచిగ లేదంటారు, గుండె దడదడ అంటుందంటారు, తల బరువు, ఒళ్లు మంటలు, నిద్ర పడతలేదంటారు. కొన్నేళ్ల కింద రెండో కాన్పయిన ఒక ఆడబిడ్డ పసిపాపకు టీకాలు వేయించడానికి మా దగ్గరికి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ పాపను తూచి, బరువు కార్డులో రాశాను. తల్లి చిక్కిపోవడం చూశాను, అడిగినదానికి తప్ప నోరు విప్పకపోవడం చూశాను, రక్తహీనత అని రాసి ఐరన్ మాత్రలు ఇచ్చి పంపాను. డాక్టరుగారు బీపీ, షుగరు చూసి అన్నీ బాగానే ఉన్నాయని బీ కాంప్లెక్స్ రాశారు. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించాడు. గాలి సోకిందేమోనని ఇంటివాళ్లు తాయెత్తు కట్టించారు. చివరికి ఒకనాడు చేనుకు కొట్టడానికి తెచ్చిన పురుగుల మందు తాగింది.

108లో పెద్దాసుపత్రికి తీసుకుపోతే కడుపు కడిగి, ఐసీయూలో ఉంచి ఆమెను బతికించారు. ఆ వైద్యులకు, నర్సులకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. అయితే వారం తర్వాత ఆమె చేతికిచ్చిన డిశ్చార్జి కాగితంలో, ఎందుకు తాగావమ్మా అని ఎవరైనా అడిగిన ఆనవాలు ఒక్కటి కూడా లేదు. ఏ మనసుతో మందు తాగిందో అదే మనసుతో ఇల్లు చేరింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, మళ్లీ అటువంటి పని చేయకుండా వైద్యం, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నెల దాటాక బంధువులెవరో బలవంతపెట్టి సైకియాట్రీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. ఆయన మొదట అడిగినవి రెండే ప్రశ్నలని ఆమె తర్వాత నాతో చెప్పింది. గత రెండు వారాలుగా ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా? దిగులుగా, ఇక ఏ దారీ లేనట్టు అనిపిస్తోందా? డిప్రెషన్‌ను పసిగట్టడానికి ప్రపంచమంతటా వాడే మొదటి ప్రశ్నలు ఇవే. వీటిని అడగడానికి ఒక్క పరికరం అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. అన్నేళ్ల సర్వీసులో నాకు వీటిని ఎవరూ నేర్పలేదు. పైగా చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే, లేని ఆలోచన పుట్టించినవాళ్లమవుతామని మేమంతా భయపడేవాళ్లం. అలా అడగడం వల్ల ప్రమాదం పెరగదనీ, చాలామందికి తమ బాధ చెప్పుకునే దారి దొరుకుతుందనీ ఇప్పుడు చదివి తెలుసుకున్నాను. కొన్ని నెలలు మాత్రలు వాడాక ఆ బిడ్డ పత్తి ఏరడానికి పోయింది, పాపను ఎత్తుకుని నవ్వింది. టీకా కార్డు పట్టుకుని నా ముందు కూర్చున్న రోజే ఆ వైద్యం మొదలుకావలసింది.

మండల డాక్టర్లకు మనసు జబ్బులు గుర్తుపట్టే శిక్షణ ఇవ్వాలని కొత్తగా ఎవరినీ వేడుకోవలసిన పని లేదు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడే, ఈ వైద్యం పెద్దాసుపత్రుల నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు రావాలని అనుకున్నారు. 1996లో జిల్లా కార్యక్రమాన్ని దేశంలో నాలుగు జిల్లాల్లో ప్రారంభిస్తే అందులో మన మెదక్ ఒకటి. 2017 చట్టంలోని 31వ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, జైళ్లలో పనిచేసే వైద్యాధికారులందరికీ ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వడం ప్రభుత్వం చేయవలసిన కనీస పని అంటుంది. జనాభాకు తగినంతమంది మానసిక ఆరోగ్య నిపుణులను సమకూర్చేందుకు కృషి చేయాలంటూ పదేళ్ల గడువు కూడా పెట్టింది. చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ గడువు 2028 మే నెలలో ముగుస్తుంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. అంటే సుమారుగా పదిమందిలో ఒకరు. అంతమందికీ సైకియాట్రిస్టులు చాలరు, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దాకా అందరూ పోలేరు. మండలంలో ఉన్న డాక్టరు చూడాల్సిందే.

మా దక్షిణ తెలంగాణలో మరో బాధ ఉంది. డైజిపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు ఇక్కడ ఎన్నో కుటుంబాలు ఏళ్ల తరబడి అలవాటుపడ్డాయి. 2015 సెప్టెంబరులో దాడులు పెరిగి ఆ కల్లు దొరకకుండా పోయినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో వందలమంది చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో, పొంతన లేకుండా మాట్లాడుతూ ఆసుపత్రులకు పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో పగలంతా కూలి చేసి ఒళ్లునొప్పులకు సాయంత్రం ఒక సీసా తాగే ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఇది పిచ్చి కాదు, దయ్యం కాదు. మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల మెదడు పడే తిప్పలు. అటువంటి మనిషిని కట్టేసి కూర్చోబెట్టకూడదు. లెక్క ప్రకారం మందు ఇచ్చి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావాలి. తెలిసిన డాక్టరుంటే వీళ్లలో చాలామందిని దగ్గరి ఆసుపత్రిలోనే చూడవచ్చు. తెలియకపోతే ఫిట్స్ వచ్చిన మనిషి దారిలోనే ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నిద్ర పట్టడం లేదని వచ్చినవాళ్లకు అదే ఆల్ప్రాజోలం నెలల తరబడి రాసిచ్చే అలవాటు మన దగ్గర ఉంది. దిగులు జబ్బుకు అది మందు కాదు, పైగా మానలేని అలవాటవుతుంది. శిక్షణలో ఏ మందు ఇవ్వాలో ఎంత ముఖ్యమో, ఏది ఇవ్వకూడదో నేర్పడం అంతే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

శిక్షణ అంటే జిల్లా కేంద్రంలో ఒక పూట మీటింగు పెట్టి, భోజనం పెట్టి, సంతకాలు తీసుకోవడం కాకూడదు. అటువంటి మీటింగుల్లో కూర్చుని వచ్చినదాన్ని కనుక చెబుతున్నాను, మరుసటి వారానికి ఏదీ గుర్తుండదు. కాన్పు చేయడం పుస్తకం చదివి నేర్చుకోలేదు, పెద్ద సిస్టర్ పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఇది కూడా అలాగే నేర్వాలి. ఇప్పుడు ఎంబీబీఎస్ పూర్తిచేసిన పిల్లలు ఇంటర్న్‌షిప్‌లో 2 వారాలు సైకియాట్రీలో పనిచేయడం తప్పనిసరి. 2021 నిబంధనలకు ముందు చదివినవాళ్లకు అది ఇష్టమైతే ఎంచుకునే పోస్టింగు మాత్రమే కావడంతో, ఇవాళ మండలాల్లో పనిచేస్తున్న సీనియర్ డాక్టర్లలో చాలామంది ఆ విభాగం వైపు వెళ్లే అవసరమే రాలేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పీహెచ్‌సీ డాక్టర్లను ఇద్దరిద్దరుగా రెండు వారాల పాటు అక్కడి సైకియాట్రీ ఓపీలో కూర్చోబెడితే ఇంత దూరం హైదరాబాద్ పంపాల్సిన పని ఉండదు. ఆ తర్వాత నెలకోసారైనా కళాశాలలోని నిపుణులతో ఫోన్లోనో వీడియోలోనో తమ రోగుల గురించి మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి. బెంగళూరు నిమ్హాన్స్ డిజిటల్ అకాడమీ ఇటువంటి దూరశిక్షణను ఇప్పటికే నడుపుతోంది కాబట్టి దారి తెలియనిదేమీ కాదు.

ఏఎన్‌ఎంలను, పల్లె దవాఖానా సిబ్బందిని, ఆశాలను ఇందులో వదిలేయకూడదు. బాలింత ఇంటికి పోయేది వాళ్లే, ఎవరి ఇంట్లో ఎవరు వారం రోజులుగా తిండి మానేశారో తెలిసేది వాళ్లకే. వాళ్లు జబ్బుకు పేరు పెట్టనక్కర్లేదు, ఆ రెండు ప్రశ్నలు అడిగి డాక్టరు దగ్గరికి తోడు వస్తే చాలు. రాత్రిపూట ఎటూ తోచని కుటుంబానికి ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలిమానస్ నంబరు 14416 చెప్పగలగాలి. ఆ నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందుల సంగతి మరవకూడదు. దిగులు జబ్బు మందులు పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది, నయమైనట్టు అనిపించాక కూడా నెలల పాటు వాడాలి. శిక్షణ పొందిన డాక్టరు ఫ్లూఆక్సెటిన్ రాస్తే ఫార్మసీలో లేదంటే, వలస వెళ్లి వచ్చిన పాలమూరు కూలీ అయినా మా దేవరకొండ తండావాసి అయినా రెండోసారి రాడు. బీపీ మాత్రల్లాగే ఇవి కూడా నెలనెలా దొరకాలి.

మా నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల వైద్యాధికారులకు నా విన్నపం ఒకటే. 31వ సెక్షన్ ప్రకారం ఇప్పటివరకు ఎంతమంది వైద్యాధికారులకు శిక్షణ ఇచ్చారో, అది ఎన్ని రోజుల శిక్షణో, ఏ పీహెచ్‌సీలో ఏ మానసిక వైద్య మందులు నిల్వ ఉన్నాయో మండలాల వారీగా ప్రజల ముందు పెట్టండి. మీ పత్రిక విలేకరులు ఆ లెక్కలు అడిగి తెచ్చి జిల్లా పేజీల్లో అచ్చువేయాలని, 2028 మే దాకా ఆరు నెలలకోసారి మళ్లీ అడగాలని సంపాదకులుగా మిమ్మల్ని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
దేవరకొండ, నల్గొండ జిల్లా