నెల్లూరు సదస్సులో మా యాప్ ఎందుకు ఆగిపోయింది

మా కస్టమర్లందరికీ నమస్కారం.

పోయిన నెల నెల్లూరులో జరిగిన రొయ్యల రైతుల సదస్సులో మా పరిచయాల యాప్, అంటే వచ్చినవాళ్లు ఒకరి బ్యాడ్జి ఒకరు స్కాన్ చేసి వివరాలు తీసుకునే యాప్, పొద్దుటి పూటంతా పనిచేయలేదు. నిర్వాహకులకు ఆ రోజే క్షమాపణ చెప్పి, తీసుకున్న డబ్బు మొత్తం వెనక్కిచ్చాం. మీకు కూడా జరిగింది జరిగినట్టు చెప్పాలి.

టీ విరామంలో హాలు హాలంతా ఒక్కసారిగా ఫోన్లు తీసింది. ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసే హేచరీ ఆయన మెడలోని బ్యాడ్జిని స్కాన్ చేస్తున్నాడు. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. "అబ్బాయా, ఇది తిరగతానే ఉంది, ఆయన పోతన్నాడు" అన్నాడు నాతో. సీడ్, అంటే ఆ రొయ్య పిల్లల గురించి మాట్లాడదామనే అంత దూరం వచ్చాడాయన.

దీన్ని సిగ్నల్ మీదికి నెట్టను. అంతమంది ఒక్క టవర్ మీద పడితే నెట్ నెమ్మదిస్తుందని మాకు తెలుసు. అయినా బ్యాడ్జి మీది క్యూఆర్ కోడ్‌లో ఒక గుర్తింపు సంఖ్య మాత్రమే పెట్టాం. పేరు, ఊరు, ఫోను అన్నీ సర్వర్ నుంచి రావాలి. అవే వివరాలు నేరుగా కోడ్‌లో పెడితే నెట్ అవసరమే లేదు. ఎవరెవరు కలిశారో నిర్వాహకులకు లెక్క చూపించాలనే ఆలోచనతో సర్వర్ దారి పట్టాం. కలుసుకోవడానికి వచ్చినవాళ్ల అవసరం వెనకబడిపోయింది.

ఇంకో ఫిర్యాదు నన్ను ఎక్కువ బాధపెట్టింది. వచ్చినవాళ్ల జాబితాలో ఫోన్ నంబర్లు అందరికీ కనిపించేలా వదిలేశాం. వారం రోజులు మేత, మందులు అమ్మేవాళ్ల ఫోన్లేనట. రాత్రంతా చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల దగ్గర మేలుకుని పొద్దున కాస్త కునుకు తీసే రైతును మా యాప్ వల్ల నిద్ర లేపారు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచండి, అడగకుండా ఒకరి నంబరు ఇంకొకరికి ఇవ్వడం మర్యాద కాదు.

ఇప్పుడు వివరాలు కోడ్‌లోనే ఉంటాయి. అందులో ఫోన్ నంబరు ఉండాలా వద్దా అన్నది ఎవరికి వారే రిజిస్ట్రేషన్‌లో చెబుతారు. జాబితాలో మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటేనే నంబరు కనబడుతుంది. కలుద్దామని పంపిన కబురు నెట్ లేకపోతే ఫోన్‌లోనే ఆగి, వచ్చాక వెళ్తుంది. సదస్సు అయిన 30 రోజులకు అన్ని వివరాలూ చెరిపేస్తాం. ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఆఫీసులో పరీక్షించాం. రెండు పాత ఫోన్లలో కెమెరా కోడ్ చదవలేదు, అందుకే స్కానర్ యాప్‌లోనే పెట్టాం.

వచ్చే నెల ఒంగోలులో చీమకుర్తి గ్రానైట్ వాళ్ల మీటింగ్ ఉంది. అక్కడ మా మనుషులు ఇద్దరు ఉదయం నుంచి హాల్లోనే ఉంటారు. ఈలోగా బుకింగ్ రద్దు చేసుకోవాలనిపిస్తే చెప్పండి, అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాం.

హేచరీ ఆయన్ను అడిగి, సరేనన్నాకే ఇందుకూరుపేట పెద్దాయనకు నంబరు పంపాను. ఇద్దరూ మాట్లాడుకున్నారు.